బలం బిళ్ళలు

మా అత్తగారికి నా జడంటే నాకంటే ఎక్కువ మమకారం. పెళ్ళిచూపులకి కాకినాడ వచ్చినప్పుడు ఆవిడ నా బి.ఎస్సీ గురించి ఒక్క ముక్క అడగలేదు. "అమ్మాయ్, ఒకసారి అటు తిరుగు," అన్నారు. తిరిగేను. "సరే, ఇంక ఇటు తిరగకపోయినా ఫరవాలేదు," అన్నారు. అందరూ నవ్వేరు. పెళ్ళికొడుకు మాత్రం నవ్వలేదు. నేను ఇటు తిరగాలని ఆయనకి ఉందట. ఆ సంగతి పెళ్ళయ్యేక చెప్పేరు.

డెబ్బై తొమ్మిది ఏప్రిల్ ఆఖర్న మా పెళ్ళి. మే నెలంతా నాకు టైఫాయిడు. పెళ్ళిచీర మడతలు పోకుండానే ఆసుపత్రి దుప్పటి కప్పుకున్నాను. ఆయన శనివారం శనివారం ఎదుర్లంక దగ్గర పంటు మీద గోదావరి దాటి కాకినాడ వచ్చి, మంచం పక్కన కూచుని బత్తాయిలు వలిచేవారు. తొనల మీద తెల్లటి పీచు ఒక్క పోగు కూడా ఉండకుండా తీసేవారు. లెక్కల మేష్టారు కదా, ఏదీ సగంలో వదలరు. ఆ తొనలు తినడానికే జ్వరం ఇంకో వారం ఉంటే బాగుండునని నాకు అనిపించేది.

జూన్‌లో తొలకరి పడుతుండగా అత్తవారింటికి వచ్చేను. అమలాపురానికి బస్సులో అరగంట. కాలవ గట్టున తాటాకిల్లు, ముందు సిమెంటు అరుగు, వెనక కొబ్బరికాయలు పోసుకునే పాక. మావగారు లేరు. ఇంట్లో మేం ముగ్గురమే.

ఆ మొదటి రెండు నెలలూ ఎంత బాగుండేవో. సాయంత్రం ఆయన హైస్కూలు నుంచి వస్తూ పకోడీల పొట్లం వానకి తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని వచ్చేవారు. చొక్కాకి నూనె మరక పడేది. దాన్ని ఉతుకుతూ కూడా నేను నవ్వుకునేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం గట్టు మీద నాకు సైకిలు నేర్పేవారు. నేను కాలవలో పడితే ఆయన చెప్పులు విప్పి, చేతి గడియారం తీసి జేబులో పెట్టుకుని, అప్పుడు దిగేవారు. "మునిగిపోతున్నానండీ," అంటే, "మోకాలి లోతే కదా," అనేవారు.

ఒక్కటే నాకు కష్టంగా ఉండేది. అత్తగారు తన గ్లాసు, తన కంచం వేరేగా పెట్టుకునేవారు. నేను కడగబోతే లాక్కునేవారు. కాకినాడ పిల్లనని దూరం పెడుతున్నారేమో అనుకున్నాను.

ఒకరోజు చెమ్మగిల్లిన కొబ్బరికాయలు తిరగెయ్యడానికి పాకలోకి వెళ్తే, వెనకవైపు గోడకి ఆనుకుని అత్తగారు నిలబడి బిళ్ళలు మింగుతున్నారు. నన్ను చూసి దాచబోయి, మళ్ళీ చెయ్యి చాపేరు.

"చూసేవుగా. ఇంక దాపరికం ఎందుకు."

"ఏం బిళ్ళలండి అవి?"

"ఊళ్ళో ఉబ్బసం అని చెప్పుకున్నాం. ఉబ్బసం కాదు," అని ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నారు. "క్షయ."

నేను చేతిలో ఉన్న కొబ్బరికాయ కింద పెట్టేను.

"మీ నాన్నగారికి చెప్పకుండా చేసుకున్నామని కోపం వచ్చిందా?"

"లేదండి. మీ గ్లాసు ఎందుకు ముట్టుకోనివ్వరో ఇప్పుడు తెలిసింది."

"అదా నీ బెంగ," అని నవ్వేరు. "ఇప్పుడు తగ్గే ఉంది. కానీ ఏడాదిన్నర ఆపకుండా మింగాలన్నారు డాక్టరుగారు. సగం అయ్యింది. నడిమధ్యలో మానేస్తే మళ్ళీ తిరగబెడుతుందంట. అప్పుడు ఇవే బిళ్ళలు వేసినా లొంగదంట. ఇవి చూస్తేనే కడుపులో తిప్పుతుంది, ఏం చెయ్యను?"

"ఇంట్లో కూచుని వేసుకోవచ్చు కదండి. ఇక్కడెందుకు?"

"పాపాయమ్మ రోజుకి రెండుసార్లు వస్తుంది. చూసిందంటే రేపణ్ణించి మనింట్లో మంచినీళ్ళు తాగుతుందా? గుడిలో నా పక్కన కూచుంటుందా?"

పాపాయమ్మ పిన్నిది ఎదురిల్లు. మంచి మనిషే. కానీ ఆవిడకి చెప్తే ఆదివారం ప్రార్థనలో ప్రకటన చేసినట్టే.

మా గుడిలో ప్రభు బల్ల దగ్గర ద్రాక్షరసానికి ఒక్కటే గిన్నె. అందరూ వరసగా అందులోనే తాగాలి. అత్తగారు ఎప్పుడూ ఆఖరి వరసలో, గోడ వారన ఆఖర్న కూచునేవారు. సుందరమ్మగారికి ఎంత వినయమో, ఎంత తగ్గింపో అని పాస్టరుగారు ఒకసారి అందరిలో మెచ్చుకున్నారు కూడా.

"నా తరవాత ఎవరూ తాగకూడదు కదా," అన్నారు ఆ రోజు పాక వెనక. "దేవుడికి తెలుసులే."

ఆగస్టులో నా జుట్టు ఊడడం మొదలుపెట్టింది.

మొదట తలంటుకున్న రోజున చేతి వేళ్ళకి చుట్టుకుని వచ్చింది. తరవాత దువ్వెన పెట్టక్కర్లేకుండానే వచ్చింది. తలగడ మీద, చీర మీద, ఆఖరికి పులుసులో. ఆయన కంచంలోంచి పొడుగాటి వెంట్రుక తీసి, "నీ కోడలు సంతకం పెట్టిందమ్మా," అన్నారు. నాకు నవ్వు రాలేదు. అత్తగారు రోజూ మధ్యాహ్నం నన్ను అరుగు మీద కూచోబెట్టి దువ్వేవారు. రాలినదాన్ని వేలికి చుట్టి, ఉండ చేసి, చూరులో దోపేవారు. సెప్టెంబరు వచ్చేసరికి చూరంతా పిచిక గూళ్ళు పెట్టినట్టు అయ్యింది. జడ చూపుడు వేలంత సన్నమైపోయింది. మల్లెపూలు పెడితే నిలబడక జారిపోయేవి. గుడిలో ముసుగు ఉంటుంది కాబట్టి ఆదివారం ఒక్కరోజు నేను మామూలు మనిషిని.

పాపాయమ్మ పిన్ని, "కొత్త నీళ్ళు పడలేదేమో," అంది. మందారాకు రుబ్బి పట్టించింది. నా మెడ పచ్చబడింది గానీ జుట్టు ఆగలేదు.

ఒకరోజు నేను అద్దం బోర్లించి ఏడుస్తుంటే ఆయన వచ్చి కూచున్నారు.

"బోడిగుండు అయిపోతే ఏం చేస్తారు?" అన్నాను.

"నాకు ఇటు తిరిగిన మనిషి చాలు," అన్నారు. కానీ మర్నాడు స్కూలు నుంచి నేరుగా అమలాపురం వెళ్ళి, అమ్మిరాజుగారి మందుల షాపులో డబ్బా కొనుక్కొచ్చేరు. నిగనిగలాడే ఎర్రటి గొట్టం బిళ్ళలు. ముగ్గిన ఈతపళ్ళలా ఉన్నాయి.

"విటమిన్లు. అమ్మిరాజుగారు బలం బిళ్ళలంటారు. జుట్టుకి, రక్తానికి, అన్నిటికీ పనిచేస్తాయన్నారు."

రోజూ రాత్రి భోజనం కాగానే ఆయనే ఒక చేత్తో బిళ్ళ, ఒక చేత్తో నీళ్ళు పట్టుకుని నిలబడేవారు. నేను నోరు తెరిచేదాన్ని. అత్తగారు చూస్తారేమో అని సిగ్గు. ఆవిడ కావాలనే గోడ వైపు తిరిగి, "నేను చూడట్లేదులే, కానివ్వండి," అనేవారు. ఆ బిళ్ళ వల్ల ఏం జరుగుతుందో గానీ, ఆ నిమిషం కోసం రోజంతా ఎదురుచూసేదాన్ని.

దసరా సెలవులకి ముందు దువ్వెనకి జుట్టు రావడం తగ్గింది. సెలవుల్లో ఒక మధ్యాహ్నం అత్తగారు దువ్వుతూ దువ్వుతూ ఆగిపోయేరు.

"ఒరే అబ్బాయ్, ఇలా రా."

నా నుదుటి మీద, చెవుల పక్కన, అంగుళం అంగుళం కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఆయన వెలుగులోకి నా తల తిప్పి చూసేరు.

"ఆకుమడిలో నారు మొలిచినట్టుందే," అన్నారు అత్తగారు.

ఆయన ఊరుకుంటారా. పాపాయమ్మ పిన్నిని పిలిచి నా తల చూపించేరు. స్కూల్లో చెప్పేరు. పాస్టరుగారి భార్యకి చెప్పేరు. సైన్సు మేష్టారు, "ఒక బిళ్ళకి అంత ఉంటుందాండీ," అంటే, "రండి, మా ఆవిడని చూద్దురుగాని," అన్నారట. ఆ సాయంత్రం నిజంగానే తీసుకొచ్చేరు. నేను కాఫీ ఇస్తుంటే పాపం ఆ సైన్సు మేష్టారు నా మొహం చూడలేక, తల చూడలేక, కాఫీలోకి చూస్తూ తాగి వెళ్ళిపోయేరు.

"బిళ్ళల మహిమ," అన్నారు మా ఆయన.

"మహిమ దేవుడిదిరా. బిళ్ళలే అమ్మిరాజువి," అన్నారు అత్తగారు.

ఆ సెలవులు అవ్వకుండానే ఒక ఉదయం అత్తగారు అరుగు మీద కూచుని, పాపాయమ్మ పిన్ని చూస్తుండగా, ఎర్ర బిళ్ళ నోట్లో వేసుకుని నీళ్ళు తాగేరు.

"మీరూ మొదలుపెట్టేరా అత్తయ్యగారూ?" అన్నాను.

"ఏం, బలం నీకొక్కదానికేనా?"

"ఈ వయసులో నీకు జడ ఎందుకే సుందరమ్మా," అంది పాపాయమ్మ పిన్ని.

"జడ కాకపోతే నడుం నిలబడుతుంది. నీకూ ఒకటి కావాలా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. పిన్ని వెళ్ళిపోయేక అత్తగారు నా చెయ్యి పట్టుకుని పక్కన కూచోబెట్టుకున్నారు.

"ఇవైతే అరుగు మీద కూచుని వేసుకోవచ్చే," అన్నారు మెల్లిగా.

ఆవిడ ముఖం చూస్తే నాకు ఎంత సంతోషం వేసిందో. కడుపులో తిప్పుతోందని అనడం మానేసేరు. అన్నం తింటున్నారు. బుగ్గలు నిండేయి. నెలకోసారి ఆసుపత్రి బిళ్ళలకని అమలాపురం ఒక్కరే వెళ్ళేవారు, ఊళ్ళో వాళ్ళకి అనుమానం రాకుండా. అలాగే వెళ్తున్నారు, వస్తున్నారు. నవంబరు మొదటి ఆదివారం గుడిలో నేను చాప పరిచేసరికి ఆవిడ ఆఖరి వరసలో లేరు. ముందు వరసలో, పాపాయమ్మ పిన్ని పక్కన, తల మీద కొంగు సర్దుకుంటూ కూచున్నారు. తగ్గిపోయిందన్నమాట అనుకున్నాను. ఇంటికొస్తూ ఆయనతో కూడా అన్నాను. ఆయన సైకిలు బెల్లు రెండుసార్లు మోగించేరు.

తరవాత దగ్గు వచ్చింది. మంచు పడుతోంది కదా అన్నారు. మిరియాల కషాయం తాగేరు. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చగా ఉంటే, పొయ్యి దగ్గర కూచున్నందుకన్నారు.

క్రిస్మస్ ముందు వారం ఇల్లంతా సున్నం వేసేం. నేను వెదురు పుల్లలతో నక్షత్రం కట్టి రంగు కాయితం అంటించేను. పెళ్ళయ్యేక నా మొదటి పండగ. అది చూరుకి ఎక్కడ వేలాడదీస్తే బాగుంటుందో అత్తగారిని అడుగుదామని పెరట్లోకి వెళ్ళేను. ఆవిడ వంగి నేల మీద బూడిద చల్లుతున్నారు.

"ఏంటండి అది?"

"ఏం లేదు. వక్క నమిలేను."

ఆవిడ వక్క నమలరు. బూడిద కింద నుంచి ఎరుపు పైకి ఊరుతోంది.

ఆ రోజు ఆయనకి అర్ధసంవత్సర పరీక్షల డ్యూటీ. స్కూలుకి కబురు పంపి నేనే అత్తగారిని బస్సెక్కించేను. బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూచుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నక్షత్రం గుమ్మానికి నడిమధ్య కట్టించు. పక్కకి కడితే పెళ్ళివారి దీపంలా ఉంటుంది," అన్నారు.

పెద్దాసుపత్రిలో డాక్టరుగారు పాతాయనే. ఆవిణ్ణి చూడగానే గుర్తుపట్టేరు.

"బిళ్ళలు వేసుకుంటున్నారామ్మా?"

"ఆ బిళ్ళలు మానేసేనండి. దసరా సెలవుల నుంచి బలం బిళ్ళలు వేసుకుంటున్నాను."

నేను ఆవిడకేసి చూసేను. నెలనెలా బస్సు దిగి ఆవిడ ఆసుపత్రికి రావడం లేదు. అమ్మిరాజుగారి షాపుకి వెళ్ళి ఎర్ర డబ్బా కొనుక్కుని తిరిగి వస్తున్నారు.

"ఎవరు మానెయ్యమన్నారు?" అన్నారు డాక్టరుగారు. గొంతు పెంచలేదు.

"ఎవరూ అనలేదండి. మా కోడలికి బోడిగుండు అవ్వబోయింది. ఆ బిళ్ళలతో ఎలా మొలిచిందో మీరే చూడండి." చెయ్యి చాపి నా తల మీద కొంగు వెనక్కి లాగేరు. "చచ్చిపోయిన జుట్టుని లేపిన మందు ఊపిరితిత్తిని బాగుచెయ్యదాండి?"

డాక్టరుగారు నా నుదుటికేసి చూసేరు. ఆవిణ్ణి ఎక్స్‌రేకి పంపించి, నన్ను కూచోమన్నారు.

"జుట్టు ఊడకముందు నీకు జ్వరం ఏమన్నా వచ్చిందామ్మా?"

"మేలో టైఫాయిడండి."

"ఊడడం ఎప్పుడు మొదలైంది?"

"ఆగస్టులోనండి."

డాక్టరుగారు తల ఊపేరు. "పెద్ద జ్వరం వచ్చినా, కాన్పయినా, రెండు మూడు నెలలకి జుట్టు రాలుతుంది. కొన్నాళ్ళకి ఆగుతుంది. మళ్ళీ దానంతటదే వస్తుంది. తిండి లేక, రక్తం లేక రాలితే ఆ లోటు తీర్చాలి, అది వేరు. నీకు అలాంటిదేం కనపడట్లేదు. బిళ్ళ మింగినా వచ్చేదే, మింగకపోయినా వచ్చేదే."

"మరి అందరం..." అన్నాను.

"అందరూ అలాగే అనుకుంటారు. బిళ్ళ వేసేరు, జుట్టు వచ్చింది." తరవాత ఎక్స్‌రే వచ్చింది. వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసేరు. "వేరే మందులు మొదలుపెడతాం. చూద్దాం."

సాయంత్రం మా ఆయన చాక్‌పీసు పొడి చేతులతోనే వచ్చేరు. ఎందుకు మానేసిందని అడిగేరు. "కడుపులో తిప్పేదటండి," అన్నాను. అబద్ధం కాదు.

పండగ రోజున ఆయన గుడికి వెళ్తే నేను వార్డులో ఉన్నాను. అత్తగారు గోడకి దిండు ఆనించుకుని కూచున్నారు.

"శాంతా, ఒకటి అడుగుతాను. నీకు పనిచేసినయ్యి కదా, నాకెందుకు పనిచెయ్యలేదే?"

చెప్పకుండా ఉండొచ్చు. కానీ ఆవిడ నాకు పాక వెనక అన్నీ చెప్పిన మనిషి.

"నాకూ పనిచెయ్యలేదండి. జ్వరానికి ఊడింది, దానంతటదే వచ్చిందట."

"మందారాకు రాసుకున్నా వచ్చేదే?"

"ఆయ్."

"ఏం రాయకపోయినా?"

"వచ్చేదండి."

ఆవిడ కాసేపు దుప్పటి అంచు సరిచేసుకున్నారు.

"ఆ మాట వాడికి చెప్పకు," అన్నారు. "నీ జుట్టు వాడే మొలిపించేడని ఊరంతా చెప్పుకున్నాడు. నేను ఆ బిళ్ళల్ని నమ్మి ఇవి మానేసేనని తెలిసినా, పొరపాటు నాదే అనుకుంటాడు. అవి ఉత్తివని తెలిస్తే మాత్రం, తనే నా నోట్లో వేసేననుకుంటాడు. వద్దు."

"ఆయ్," అన్నాను.

ఫిబ్రవరిలో ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మార్చి ఆఖర్న, మట్టల ఆదివారానికి ముందు గురువారం పోయేరు. ఆఖరి రోజుల్లో నన్ను దగ్గరికి రానివ్వలేదు. గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడమనేవారు. నా కొత్త జుట్టు అప్పటికి చెవుల దాకా వచ్చింది. కొత్తదీ పాతదీ కలవక ఎటుపడితే అటు లేచేది. "ఆ చింపిరి తలతో సమాధి దగ్గరికి రాకు, కొబ్బరినూనె రాసుకో," అన్నారు. అదే నాతో ఆఖరి మాట.

సమాధి దగ్గర పాస్టరుగారు ఆవిడ తగ్గింపు గురించే చెప్పేరు. ఉబ్బసం మనిషి చలికాలం దాటలేకపోయిందని అందరూ అనుకున్నారు. మా ఇంట్లో అందరూ మంచినీళ్ళు తాగేరు.

ఆయన మాటలు తగ్గిపోయేయి. పకోడీలు తేవడం మానేసేరు. సైకిలు గట్టు మీద తోసుకుంటూ నడిచి వచ్చేవారు. నేనేదైనా నవ్వుతూ మొదలుపెడితే మర్యాదకి చివరిదాకా వినేవారు.

ఈస్టరు వెళ్ళిన తరవాత ఒక సాయంత్రం పాపాయమ్మ పిన్ని, కూతురు జయమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. జయమ్మ పురిటికి వచ్చి పుట్టింట్లోనే ఉంది. మూడో నెల పిల్లని భుజాన వేసుకుని అరుగు మీద కూచుంది. పిల్ల గుప్పిట్లో తల్లి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి.

"దీని తల చూడు బాబూ. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులు వస్తోంది," అంది పిన్ని మా ఆయనతో. "నువ్వు మీ ఆవిడకి వేసిన బిళ్ళల పేరేంటి? రాసియ్యి."

చాలా రోజుల తరవాత ఆయన ముఖంలో వెలుగు చూసేను. "జయమ్మ కడుపు నిండా తింటోందా పిన్నీ? ముందు అది చూసుకో. బిళ్ళలు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తాయి," అంటూ లోపలికి వెళ్ళి కాయితం, కలం తెచ్చేరు. గడప మీద కూచుని మోకాలి మీద కాయితం పెట్టుకున్నారు.

నేను పిన్నికి మంచినీళ్ళు ఇచ్చేను. చెప్పకూడదనే అనుకున్నాను. జయమ్మ నాలుగు బిళ్ళలు మింగితే ఏం పోయింది? జుట్టు ఎలాగూ వస్తుంది. ఆయన కాస్త నవ్వుతారు.

పిన్ని గ్లాసు అందుకుని, కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆగి, మళ్ళీ దగ్గింది.

"నాక్కూడా రాయి బాబూ. క్రిస్మస్ పండగ నుంచి ఈ దగ్గు వదలట్లేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలుతోంది. ఆసుపత్రికెళ్తే ఏ సూదులో పొడుస్తారు. బలం ఉంటే అదే పోతుంది."

"ఆయ్, అలాగే," అన్నారు ఆయన, రాస్తూ.

"వద్దండి," అన్నాను.

ఆయన తలెత్తేరు.

"జయమ్మ జుట్టు దానంతటదే వస్తుంది పిన్నీ. నాకూ అలాగే వచ్చింది, బిళ్ళల వల్ల కాదు. డాక్టరుగారు చెప్పేరు. మీ దగ్గుకి మాత్రం ఆ బిళ్ళలు వేసుకోవద్దు. అత్తయ్యగారిది ఉబ్బసం కాదండి."

పిన్ని గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆపింది. తాగలేదు, కింద పెట్టలేదు. జయమ్మ పిల్లని ఒళ్ళోకి దింపుకుని, పైట కప్పింది.

గడప దగ్గర కలం కదలడం లేదు. ఆయన నాకేసే చూస్తున్నారని తెలుస్తోంది. నేను అటు తిరగలేదు.

"రేపు మొదటి బస్సుకి వెళ్దాం పిన్నీ," అన్నాను. "నేనూ వస్తాను. తొందరగా వెళ్తే పెద్దాసుపత్రిలో చీటీ ముందు దొరుకుతుంది."